అప్‌డేట్: మా పాప మోకాళ్ల సంగతి

మర్రిగూడ దగ్గర మా ఊళ్లో, నాలుగేళ్ల పాప నిలబడితే మోకాళ్లు రాసుకుంటున్నాయి, మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. నల్లగొండలో ఎముకల డాక్టరుకు చూపించాం. మోకాళ్లు ఆనించి నిలబెట్టి, చీలమండల మధ్య ఎడం టేపుతో కొలిచారు. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయి, నొప్పి లేదు; ఈ వయసులో మామూలే, ఏడెనిమిదేళ్లకల్లా చాలామందికి సర్దుకుంటుందన్నారు. ఒక్క కాలే వంగినా, కుంటినా, వంకర పెరుగుతున్నా ఎక్స్‌రే తీయాలట. సగం టెన్షన్ తీరింది.

మా మామయ్య సంగతి వేరు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన మనిషి, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఫ్లోరైడ్ పేరుకుని బిగిసిన వెన్ను మళ్లీ మామూలు కాదట. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. అందుకే ఇప్పుడు వంటకూ మిషన్ భగీరథ నీళ్లే (ప్రభుత్వం శుద్ధి చేసి కుళాయిల్లో ఇచ్చేవి) వాడుతున్నాం.