చెఖోవ్ ఉత్తరాల కత్తెర సీమ కథకు సరిపోతుందా?

గుత్తికోట:
1899 సెప్టెంబర్ 3న రచయిత గోర్కీకి రాసిన ఉత్తరంలో రష్యన్ కథకుడు చెఖోవ్, ప్రూఫులు దిద్దేటప్పుడు విశేషణాలు, క్రియా విశేషణాలు వీలైనన్ని కొట్టేయమన్నాడు. 'మనిషి గడ్డి మీద కూర్చున్నాడు' అంటే చదవగానే తెలుస్తుంది. మనిషికి ఎర్రగడ్డం, ఇరుకు ఛాతీ, గడ్డికి పచ్చదనం తగిలిస్తే బుర్రకెక్కడం ఆలస్యమవుతుందని ఆయన వాదన. ఈ కత్తెరతో దిద్దితే సీమ కథలో యాసే పోతుంది. 'గెనెం మీద గమ్మున కుచ్చున్యాడు' (చేని గట్టు మీద మాట్లాడకుండా కూర్చున్నాడు) అన్న వాక్యంలో 'గమ్మున' తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?

కేసీ కెనాల్:
అన్నా, ఆ ఉత్తరం గుట్టపడిన విశేషణాల గురించి. తెలుగులో అవన్నీ నామవాచకానికి ముందే వస్తాయి, క్రియ చివర్లో వస్తుంది. 'ఎండకు కమిలిన, మాసిన తలపాగా చుట్టిన, నాలుగు రోజుల గడ్డం పెరిగిన రైతు' అని రాస్తే, రైతు కనపడేదాకా పాఠకుడు మూడు వివరాలు మోయాలి. విడగొట్టండి: 'రైతు గెనెం మీద కూర్చున్నాడు. తలపాగా మాసింది.' ఎండా గడ్డమూ ఆ తలపాగాలోనే వచ్చేశాయి, కొట్టేయొచ్చు.

పాతబస్టాండు కడప:
ఒక సవరణ. 'వెన్నెల కాస్తోందని చెప్పకు, పగిలిన గాజు మీద మెరుపు చూపించు' అని అందరూ పంచుకునే వాక్యం ఆయన రాసినది కాదు. 1886 మే 10న అన్న అలెగ్జాండర్‌కు రాసింది వేరు: నీటిమర కట్ట మీద సీసాపెంకు చుక్కలా మెరిసిందనీ, కుక్కదో తోడేలుదో నల్లటి నీడ బంతిలా దొర్లిపోయిందనీ రాస్తే వెన్నెల రాత్రి దానంతటదే వస్తుందన్నాడు. చూడండి, అందులో రెండు ఉపమానాలున్నాయి, 'నల్లటి' కూడా ఉంది. అదే ఉత్తరంలో ఆరు నియమాలు చెప్పాడు. క్లుప్తత నాలుగోది, ఆరోది ఆర్ద్రత. నాలుగోదాన్నే పట్టుకుని మిగతా ఐదూ వదిలేస్తే కథ ఎండిపోక ఏమవుతుంది?

గుత్తికోట:
విడగొట్టడం ఒప్పుకుంటా. కథ చెప్పే గొంతే సీమది అయినప్పుడు ఏది కోయాలి, ఏది ఉంచాలి?

కేసీ కెనాల్:
మాట తీసి, వాక్యం పైకి చదవండి. 'గట్టిగా అరిచినాడు'లో 'గట్టిగా' పోయినా అరుపు అరుపే. 'గమ్మున' పోతే మాత్రం ఆ మనిషి ఎవరితోనో మాట్లాడుతూ కూర్చున్నాడేమో అనిపిస్తుంది. కాబట్టి అది ఉండాల్సిందే. ఇంకోటి, ఆయన కోయమన్నది ప్రూఫుల దగ్గర. మొదటి ప్రతి రాసేటప్పుడే కత్తెర పడితే యాస బిగుసుకుపోతుంది.

గుత్తికోట:
ఆ లెక్కన చెఖోవ్ కొట్టేయమన్న 'పచ్చటి గడ్డి'ని అనంతపురం కథలో కొట్టకూడదు. ఇక్కడ మే నెలలో గడ్డి పచ్చగా ఉందంటే, పక్కన ఎవరి బోరులోనో ఇంకా నీళ్లున్నాయని.