సైన్స్ పేరు చెప్పి సృష్టివాదం బోధించే ప్రసంగీకులను ఎంతవరకు నమ్మొచ్చు? మీ అనుభవాలు చెప్పండి

అలిపిరి_అన్న:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా తమ్ముడు బీఎస్సీ రెండో సంవత్సరం. పోయిన నెల స్నేహితులతో కలిసి ఒక మీటింగుకు వెళ్ళొచ్చాడు. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడంట, పేరు ముందు డాక్టర్ అని ఉంది. భూమి వయసు ఆరు వేల ఏళ్ళే, పరిణామ సిద్ధాంతం అబద్ధం, తిరుమల ఘాట్ రోడ్డులో బండల మధ్య కనిపించే గీత బైబిల్లో చెప్పిన నోవహు కాలంనాటి జలప్రళయం గుర్తు అని చెప్పాడంట. అప్పటినుంచి వీడు జువాలజీ పుస్తకం ముట్టడం లేదు. "అబద్ధాన్ని చదివి పరీక్ష రాయాలా?" అంటాడు. వాడి భక్తికి నేను అడ్డం చెప్పను. సెమిస్టర్ పోతుందని ఇంట్లో అందరికీ టెన్షన్. ఇలాంటి మాటలు విని, నిజమా కాదా అని సరిచూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

శిలాతోరణం:
నేను ఎంఎస్సీ జియాలజీ. ఆ గీత చూసే నాకు ఈ చదువు మీద ఇష్టం పుట్టింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, అంటే రాతి పొరల మధ్య కాలం తెగిపోయిన చోటు. గీతకు కింద గ్రానైటు, నైస్ రాళ్ళు. వాటిని చీల్చుకుని పైకొచ్చిన డోలరైట్ అనే నల్లరాయి కూడా ఉంది. వీటి వయసు 210 కోట్ల ఏళ్ళు దాటింది. గీతకు పైన ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి, దాదాపు 160 కోట్ల ఏళ్ళది. మధ్యలో 50 కోట్ల ఏళ్ళకు తక్కువ కాని కాలానికి అక్కడ రాయే లేదు.

ఈ అంకెలను మీ తమ్ముడు నమ్మకపోయినా ఫర్వాలేదు, రాయిని చూడమనండి. గ్రానైటు నేల మీద తయారవదు. భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం నిదానంగా చల్లారితేనే అంత పెద్ద పలుకులు కడతాయి. ఆ తర్వాత పైనున్న కిలోమీటర్ల మందం రాయంతా అరిగిపోవాలి, అప్పుడే గ్రానైటు బయటపడుతుంది. అది కూడా అరిగి చదునైన తర్వాత దాని మీద నీళ్ళు ఇసుక పరిచాయి. ఆ ఇసుక గట్టిపడి రాయయింది. నీళ్ళు కదిలినప్పుడు ఇసుక మీద పడిన అలల చారలు ఆ రాయిలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంత పని ఒక్క ఏడాది వరదలో ఎలా జరిగిందో ఆ ప్రసంగీకుడు చెప్పాలి. ప్రళయం వస్తే బురద, రాళ్ళు కలగాపులగంగా పడాలి కదా, ఇలా అరిగి నునుపైన అంచు ఎక్కడి నుంచి వస్తుంది?

తిరుచానూరు_విశ్వాసి:
సోదరా, సైంటిస్టులు చెప్పే వయసులన్నీ కరెక్టేనా? అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం మీద 1986లో గట్టిపడిన రాయిని ల్యాబుకు పంపితే 3.5 లక్షల ఏళ్ళు అని వచ్చింది. కళ్ళ ముందు పుట్టిన రాయికే అలా చెబితే, కోట్ల ఏళ్ళ లెక్కను ఎలా నమ్మాలి? నేను గొడవకు రాలేదు, నిజంగానే అడుగుతున్నాను.

శిలాతోరణం:
మంచి ప్రశ్న అన్నా. ఆ ల్యాబు తమ పరికరం 20 లక్షల ఏళ్ళకు లోపు వయసును సరిగ్గా కొలవలేదని ముందే చెప్పింది. పొటాషియం-ఆర్గాన్ పద్ధతి అది. రాయిలోని ఒక రకం పొటాషియం తరుగుతూ ఉంటే ఆర్గాన్ వాయువు పుడుతుంది, అది ఎంత ఉందో చూసి వయసు లెక్కకడతారు. ఆ పొటాషియంలో సగం తరగడానికే 125 కోట్ల ఏళ్ళు పడుతుంది. పదేళ్ళ రాయిని దానికివ్వడం అంటే లారీలు తూచే వేబ్రిడ్జి మీద ముక్కుపుడక పెట్టడమే. అంకె ఏదో వస్తుంది, అది ముక్కుపుడక బరువు మాత్రం కాదు. ఇంకో మాట. ఆ రాయిని పంపినాయన జియాలజీలో నిజమైన పీహెచ్‌డీ ఉన్న మనిషే. అందుకే డిగ్రీ ఒక్కటి చూసి నమ్మకూడదంటాను.

పలమనేరు_టీచరమ్మ:
మా పిల్లలు కూడా "కార్బన్ డేటింగ్ తప్పంట మేడమ్" అని వస్తారు. చనిపోయిన జీవిలో కార్బన్-14 అనేది తరుగుతూ పోతుంది, ఎంత మిగిలిందో చూసి వయసు చెప్పడమే కార్బన్ డేటింగ్. అది సగం కావడానికి 5,730 ఏళ్ళు. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. దాన్ని వాడేది ఎముకకు, కట్టెకు, బొగ్గుకు. ఘాట్ రోడ్డు గ్రానైటుకు, డైనోసార్‌కు ఎవరూ వాడరు. ఇది తెలియకుండా వేదిక మీద గంట మాట్లాడినవాణ్ణి నేను చూశాను. ఇక డాక్టర్ పట్టా సంగతి. అమెరికాలో సృష్టివాదం ప్రచారం చేసి బాగా పేరు తెచ్చుకున్న కెంట్ హోవిండ్ పట్టా ఇచ్చింది ప్రభుత్వ గుర్తింపు లేని బైబిల్ విద్యాసంస్థ. ఏ విశ్వవిద్యాలయం, ఏ సబ్జెక్టు అని అడిగితే తప్పేం లేదు. మన పిల్లలకు ట్యూషన్ చెప్పేవాళ్ళను అడగమా?

చిత్తూరు_గ్రేస్:
నేను క్రైస్తవురాలిని. మా చర్చిలో కొన్నేళ్ళ క్రితం ఒక కరపత్రం పంచారు. చనిపోయే ముందు డార్విన్ తన సిద్ధాంతం తప్పని ఒప్పుకుని ప్రభువును నమ్ముకున్నాడని అందులో ఉంది. నేనూ చాలామందికి చెప్పాను. మా అబ్బాయి వెతికి చూపించాడు. డార్విన్ పోయింది 1882లో, ఆ కథ అచ్చయింది 1915లో. ఆయన కూతురు హెన్రియెట్టా, చివరి రోజుల్లో తండ్రి పక్కనే ఉన్నావిడ, ఇది నిజం కాదని 1922లో రాసింది. సృష్టివాదాన్ని ప్రచారం చేసే పెద్ద సంస్థే ఈ కథ వాడొద్దని తన వాళ్ళకు చెప్పింది. నాకు చాలా సిగ్గేసింది.

పాస్టరుగారికి భయపడుతూనే చెప్పాను. ఆయన రెండు రోజులు చదువుకుని, వచ్చే ఆదివారం పుల్‌పిట్ మీదే "మనం పంచింది అబద్ధం, దేవుడి పని కోసం అబద్ధం చెప్పకూడదు" అన్నారు. ఆయన మీద నా గౌరవం ఆ రోజు పదింతలైంది. అక్కడికి వచ్చే బయటి ప్రసంగీకుల్లో ఒకాయనకు కూడా ఇదే చెప్పాను. "అమ్మా, నీ విశ్వాసం తగ్గింది" అన్నారు, అంతే. మానవ జన్యుపటం ప్రాజెక్టును నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ యేసును నమ్మే మనిషి, పరిణామాన్నీ ఒప్పుకుంటారు. విశ్వం ఎలా మొదలైందో చెప్పే బిగ్ బ్యాంగ్ ఆలోచన మొదట చెప్పిన లెమెయిట్ర్ కాథలిక్ ఫాదర్. ఈ రెండు పేర్లు మీ తమ్ముడికి చెప్పండి బాబూ. సైన్స్ చదివితే దేవుణ్ణి వదలాలనే భయమే వాడిని పట్టుకుని ఉంటుంది.

పుత్తూరు_బాబాయ్:
గ్రేసమ్మా, నీ మాట బాగుంది. మనవాళ్ళ సంగతీ చెప్పాలి. 2017 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ మన తిరుపతిలోనే, ఎస్వీ యూనివర్సిటీలో జరిగితే ఎంత సంబరపడ్డామో. రెండేళ్ళకు జలంధర్‌లో అదే సభలో ఆంధ్రా యూనివర్సిటీ ఉపకులపతి దశావతారాలు డార్విన్ కంటే మేలైన సిద్ధాంతం అన్నారు. 2018లో కేంద్ర సహాయ మంత్రి ఒకరు, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. నేను రోజూ విష్ణు సహస్రనామం చదువుతాను. అయినా ఇవి విన్నప్పుడు బాధేసింది. పాస్టరును అడిగిన ప్రశ్నే మన పెద్దలనూ అడగాలి.

అలిపిరి_అన్న:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా తమ్ముడికి చూపించాను. గ్రేస్ అక్క రాసింది రెండుసార్లు చదివాడు. పరిణామం గురించి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఆ ప్రసంగీకుడికి వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పంపాడు: మీ డాక్టరేట్ ఏ సబ్జెక్టులో, గ్రానైటు మీద ఇసుకరాయి ఎలా వచ్చింది, మీ ప్రసంగంలో తప్పుందని తేలితే వేదిక మీద చెబుతారా. నాలుగు రోజులైంది, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నిన్న రాత్రి జువాలజీ పుస్తకం టేబుల్ మీద కనిపించింది. శిలాతోరణం అన్నా, ఈ శనివారం ఖాళీ ఉంటే ఆ గీత దగ్గరికి మాతో రాగలవా? చూపించి చెప్పేవాళ్ళు ఉంటే వస్తానన్నాడు.

శిలాతోరణం:
తప్పకుండా వస్తాను. పొద్దున ఆరింటికి అలిపిరి దగ్గర ఉండండి. తమ్ముణ్ణి ఒక భూతద్దం తెచ్చుకోమను.