పాత లిపులు చేసినవాళ్ళకి విడి ధ్వని తెలుసా, అక్షరమే తెలుసా?

నల్లపలక:
మాట్లాడేవాడికి సహజంగా తెలిసేది క, కి, కు లాంటి అక్షరమే. 'క్' అనే విడి ధ్వని చదువు పెట్టిన అలవాటు. గ్రీకు రాయడానికి మొదట వాడిన లీనియర్ బి చూడండి. ఎనభై పైచిలుకు గుర్తులు, దాదాపు అన్నీ అచ్చులో, అచ్చుతో కూడిన హల్లులో. 1979లో వెలువడ్డ ఒక పరిశోధనలో, పోర్చుగల్‌లో చదువురాని పెద్దవాళ్ళని మాటలో మొదటి హల్లు తీసేసి మిగతాది పలకమంటే చాలామంది పలకలేకపోయారు. పెద్దయ్యాక చదువు నేర్చినవాళ్ళు పలికారు. ఇంతకన్నా ఏం కావాలి?

వెన్నెలదారి:
లీనియర్ బి మీ సాక్షి కాదండీ. అందులో 'త్రిపోదె' అనే మాటని 'తి-రి-పో-దె' అని రాశారు. 'త్రి'ని విడగొట్టి, 'త్'కి పక్క అచ్చుని అరువిచ్చారు. మాట చివరి స్, న్‌లని అసలు రాయలేదు. అవి లెక్కల పలకలు, చదివేవాడికీ గ్రీకు వచ్చు, ఆ మాత్రం పూరించుకుంటాడు. రాయనిదంతా తెలియనిదే అయితే, అశోకుడి బ్రాహ్మీ శాసనాల్లో ద్విత్వాలు రాయలేదు కాబట్టి అప్పటివాళ్ళకి ద్విత్వం వినబడేదే కాదనాలి!

నల్లపలక:
'తి-రి' అని సాగదీయడానికి 'త్' తెలియక్కర్లేదు. జంటాక్షరం నోరు తిరగని పిల్లలూ అలాగే అంటారు.

ఇసుకతిన్నె:
మీరిద్దరూ ఈజిప్టులోని సినాయ్‌ని వదిలేశారు. సెరాబిత్ అల్ ఖాదిమ్ అనే చోట, నీలిరాయి గనుల దగ్గర దొరికిన రాతలు సుమారు 3,800 ఏళ్ళ నాటివని చాలామంది అంచనా. ఇల్లు బొమ్మ గీసి, ఇంటికి తమ మాటైన 'బైత్'లోంచి మొదటి 'బ్' మాత్రం తీసుకున్నారు. పోర్చుగల్‌లో పెట్టిన పరీక్ష ఇదే కదా! అక్షరమాల అనేదే పుట్టకముందు దాన్ని నెగ్గినవాళ్ళున్నారు. వాళ్ళు తీసుకున్నది 'బ' అనే అక్షరమేనని కొందరంటారు, నాకు నమ్మకం లేదు. బ, బి, బు మూడింటికీ అదే బొమ్మ వాడాలంటే మూడింట్లో ఉన్నది ఒకటేనని పట్టుకోవాలి. మన పద్యాల్లో ప్రాస నడిచేదీ ఆ పట్టు మీదే: హల్లు నిలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు.

వెన్నెలదారి:
భట్టిప్రోలు కూడా కలుపుకోండి. అక్కడి ధాతు కరండాల (బౌద్ధులు అస్థికలు దాచిన పెట్టెల) మీది లిపిలో ఏ గుర్తూ లేని హల్లు పొల్లు హల్లే. 'అ' కావాలన్నా గీత తగిలించాల్సిందే. 'క' అంటే రెండు ముక్కలని దీనికన్నా స్పష్టంగా ఎలా చెప్తారు?

నల్లపలక:
భట్టిప్రోలు నాటికి ధ్వనులని స్థానాల వారీగా విడదీసిన పండితులున్నారు, అది చదువే. సినాయ్ వాదన బలమైనదే, కానీ వాళ్ళవీ ఖాళీ చేతులు కావు. ఈజిప్టు లిపిలో ఒక్కో హల్లుకి నిలిచే గుర్తులు అప్పటికే పాతిక దాకా ఉన్నాయి. పైగా సినాయ్ వాళ్ళు మాట్లాడిన సెమిటిక్ కుటుంబం భాషల్లో ధాతువు, అంటే మాటకి మూలం, అంటేనే హల్లులు. అరబ్బీలో కతబ, కాతిబ్, కితాబ్ చూడండి, అచ్చులు మారుతుంటాయి, క-త-బ కదలవు. హల్లుని విడదీసి చూపించింది వాళ్ళ భాషే. అలాంటి భాషలు కాని సుమేరు, చైనా, మాయా లిపుల్లో విడి హల్లు దాకా ఎవరూ రాలేదు.

ఇసుకతిన్నె:
భాషే చూపించిందంటే చదువు చూపించలేదనేగా. మొదటి పోస్టులో మీరన్నది దానికి ఎదురు. ఏది ఉంచుతారు?