ప్రింటులో ఫొటోలు నల్లబడుతున్నాయి: లోపం మానిటర్‌దేనా?

ప్రశ్న

నేను ఫొటోలను సవరించి ప్రింటుకు పంపుతుంటాను. తెర మీద నిండుగా వెలుగుతున్న ఫొటో కాగితం మీదికి వచ్చేసరికి మబ్బు కమ్మినట్టు ఉంటోంది. మానిటర్ ఐపీఎస్ (ఒక రకం ఎల్‌సీడీ ప్యానెల్) రకం. కొన్ననాటి నుంచీ బ్రైట్‌నెస్ 100 మీదే ఉంది. ఇదే మోడల్ వాడే ఒకరు తాము కొలిచి చేసుకున్న ఐసీసీ ప్రొఫైల్‌ను (తెర రంగుల తీరును చెప్పే ఫైలును) ఇంటర్నెట్‌లో పెడితే దించుకుని వేసుకున్నాను గానీ, ప్రింటు మారకపోగా తెర మీది తెలుపు కాస్త గులాబీ వైపు తిరిగింది. ఇంకొక సంగతి కూడా ఉంది. 0 నుంచి 255 వరకు బూడిదరంగు గడులున్న పరీక్షా చిత్రం పెట్టి చూస్తే, 16 లోపు గడులన్నీ ఒకే నలుపుగా, 235 దాటినవన్నీ ఒకే తెలుపుగా కలిసిపోతున్నాయి. తెర రంగులు కొలిచే మీటరు కొనకుండా ఇదంతా ఎంతవరకు సరిచేసుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

ముందుగా ఆ ప్రొఫైల్‌ను తీసివేయండి. ఒకే మోడల్ అయినా ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ తేడా ఉంటుంది, పైగా ఆయన తన మానిటర్ మెనూలో ఎంచుకున్న సెట్టింగులకే ఆ కొలతలు వర్తిస్తాయి. ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకోవడం లాంటిదే ఇది. కాలిబ్రేషన్, ప్రొఫైల్ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. వెలుగు, తెలుపు, గామా (అంకె విలువను తెర ఎంత వెలుగుగా చూపాలో నిర్ణయించే లెక్క) అనే మూడింటినీ మనం కోరుకున్న స్థాయికి తీసుకురావడం కాలిబ్రేషన్. అలా తెచ్చిన తెర ఏ రంగును ఎలా చూపుతోందో సాఫ్ట్‌వేర్‌కు వివరించే పత్రం ప్రొఫైల్.

ప్రింటు నల్లబడటానికి నేను మొదట అనుమానించేది మీ బ్రైట్‌నెస్‌నే. ఫొటోల పనికి చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు చాలు, మానిటర్లు మాత్రం పూర్తి బ్రైట్‌నెస్‌లో 250కి పైగా ఇవ్వడం మామూలే. అంత వెలుగులో చూస్తూ సవరించినప్పుడు, ఫొటో ఇప్పటికే తగినంత వెలుగుగా ఉందని కన్ను నమ్ముతుంది. మీటరు లేకపోతే ఇలా చేయండి: మానిటర్‌ను అరగంట వెలగనిచ్చి, ప్రింటులను మీరు చూసే దీపం కిందే ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీని తెరిచి, రెండూ ఒకే వెలుగులో ఉన్నట్టు అనిపించే వరకు బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రోజు తెర మసకగా తోస్తుంది. కంటికి అది త్వరగానే అలవాటవుతుంది.

రెండవ సమాధానం

బ్రైట్‌నెస్ గురించి పైన చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను గానీ, గడుల సంగతి వేరు. 16, 235 అనే అంకెలే అసలు విషయం చెబుతున్నాయి. వీడియో సంకేతంలో 16ను నలుపుగా, 235ను తెలుపుగా లెక్కించే పద్ధతి ఒకటి ఉంది; కంప్యూటర్ సాధారణంగా 0 నుంచి 255 వరకు పూర్తిగా వాడుతుంది. మీ గ్రాఫిక్స్ కార్డు పూర్తి శ్రేణిని పంపుతుంటే మానిటర్ దాన్ని పరిమిత శ్రేణిగా అర్థం చేసుకుంటోంది, అందుకే రెండు కొసలూ తెగిపోతున్నాయి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపినప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ లేదా ఆర్‌జీబీ రేంజ్ అనే పేరుతో ఉండే సెట్టింగును ఫుల్‌కు మార్చండి. ఎంత ఖరీదైన మీటరైనా ఈ లోపాన్ని మెనూలోకి వెళ్లి మార్చిపెట్టదు.

అది సరిచేశాక గామాను చూడండి. ఒక పిక్సెల్ మందాన నల్ల గీత, తెల్ల గీత వరుసగా వచ్చే గీతల పట్టీ, దాని పక్కనే 186 విలువ గల బూడిదరంగు పట్టీ ఉన్న చిత్రాన్ని తెరిచి, వెనక్కి జరిగి కళ్లు కాస్త చికిలించి చూస్తే, గామా 2.2 దగ్గర ఉన్న తెర మీద ఆ రెండూ కలిసిపోవాలి. సగం వెలుగు అంటే 128 కదా అని అడగవచ్చు. అంకెలలోని సగం, వెలుగులోని సగం ఒకటి కావు, గామా చేసే పనే అది. ఒక జాగ్రత్త: విండోస్‌లో స్కేలింగ్ (తెర మీది వాటిని పెద్దవిగా చూపే సెట్టింగు) 125 శాతం ఉంటే బ్రౌజర్ ఆ గీతలను సాగదీస్తుంది, పరీక్ష చెడిపోతుంది. చిత్రం అసలు పరిమాణంలోనే కనిపించాలి, నైట్ లైట్ (రాత్రిపూట తెరను పసుపు వైపు తిప్పే సెట్టింగు) ఆపి ఉండాలి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్లాక్ లెవెల్ ‘లో’ (తక్కువ) అని ఉండగా మార్చాను. ఇప్పుడు నాలుగవ గడి నుంచి విడివిడిగా తెలుస్తున్నాయి. కాగితంతో పోల్చుకుంటూ బ్రైట్‌నెస్ 100 నుంచి 28కి దించాను. అయితే పాత ఫొటోలు తెరిస్తే కొన్నింటిలో నీడలు పొగ పట్టినట్టు తేలిపోతున్నాయి. కనిపించని వివరాన్ని పైకి లాగాలని ఇన్నాళ్లూ నీడలను అనవసరంగా పెంచుతూ వచ్చానని ఇప్పుడు అర్థమైంది. తెలుపు మాత్రం ప్రొఫైల్ తీసేశాక ఇప్పుడు నీలం వైపు ఉన్నట్టుంది.

మొదటి సమాధానం

మానిటర్ మెనూలో 6500 కెల్విన్ (తెలుపు ఛాయను చెప్పే అంకె) ఎంపిక ఉంటే దానికి మార్చండి. లేకపోతే ఆర్‌జీబీ విలువల్లో నీలాన్ని కొద్దికొద్దిగా తగ్గించండి. తక్కువైన రంగును పెంచబోతే వెలుగైన చోట్ల వివరం తెగిపోతుంది, కనుక ఎక్కువైనదాన్నే తగ్గించాలి. అయితే ఇక్కడే కంటి పని ముగుస్తుంది. కన్ను ఎదుట ఉన్న తెలుపుకు సర్దుకుపోతుంది, కాబట్టి తెల్ల బిందువును (తెర చూపే తెలుపు అసలు ఛాయను) కంటితో కచ్చితంగా నిర్ణయించలేము. కలరీమీటర్ (తెర రంగులు కొలిచే మీటరు) కొనేముందు ఎవరి దగ్గరైనా ఒక రోజు అరువు తెచ్చుకోండి. దానితో కొలిచే సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేకాల్ ఉచితంగానే దొరుకుతుంది, కొలిచాక డెల్టా ఈ (ఉండాల్సిన రంగుకూ తెర చూపే రంగుకూ మధ్య తేడా) సగటు 2 లోపు ఉంటే మీ పనికి చాలు. పాత ఫొటోలను మాత్రం ఆ కొలత అయ్యాకే మళ్లీ సవరించండి, లేకపోతే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.