వీగన్ ఆహారం, బి12: రక్తహీనత లేకపోతే లోపం లేనట్టేనా?

తొలివెలుగు:
నాలుగేళ్లుగా వీగన్ ఆహారమే (పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిది) తీసుకుంటున్నాను. కొన్ని నెలల క్రితం అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒకరోజు నడుస్తుండగా ఎడమ కాలి చెప్పు జారిపోతే, నాలుగడుగులు వేసి కిందికి చూసుకునే దాకా నాకు ఆ సంగతే తెలియలేదు. హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి విటమిన్ లోపం ఉండదని మొదట చూసిన వైద్యులు అన్నారు. పట్టుబట్టి పరీక్ష చేయించుకుంటే బి12 బాగా తక్కువని తేలింది. రోజూ ఆకుకూరలు, పప్పులు తింటూ కూడా ఇలా ఎందుకైంది?

గరికపూలు:
మీ లోపాన్ని కొంతకాలం కప్పిపుచ్చింది బహుశా ఆ ఆకుకూరలే. వాటిలో పుష్కలంగా ఉండే ఫోలేట్ అనే మరో బి విటమిన్, బి12 తగ్గినా ఎర్ర రక్తకణాల తయారీని కొంతవరకు నెట్టుకొస్తుంది కనుక రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు. నరాలకు జరిగే నష్టం మాత్రం ఆగదు. బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులే, మొక్కలు కావు. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లపాటు సరిపోతుంది కాబట్టే, "రెండేళ్లయింది, నాకేమీ కాలేదు" అని ఎవరైనా అంటే నాకు ధైర్యం కలగదు, భయమే వేస్తుంది.

నీటిచుక్క:
నేను స్పిరులినా (ఒక రకం నాచు) బిళ్లలను నమ్ముకుని మోసపోయాను. రక్తపరీక్షలో బి12 మామూలుగానే కనిపించింది, కానీ నాలుక మంట, మతిమరుపు తగ్గలేదు. చివరికి మిథైల్‌మలోనిక్ ఆమ్లం పరీక్ష చేయిస్తే అది ఎక్కువగా ఉంది, అంటే కణాలకు బి12 అందడం లేదన్నమాట. స్పిరులినాలో ఉండేది చాలావరకు బి12ను పోలిన పదార్థమే. అది మన శరీరానికి పనికిరాదు, పైగా కొన్ని పరీక్షలలో అసలు బి12తో కలిసి లెక్కకు వస్తుంది.

సాయంత్రం_నడక:
పెద్దవారికి రోజుకు 2.4 మైక్రోగ్రాములు చాలు కదా, బిళ్లలో 1000 ఎందుకని నేనూ అనుకునేదాన్ని. పేగులు ఒక్కసారికి సుమారు 2 మైక్రోగ్రాములకు మించి సమర్థంగా గ్రహించలేవు, ఆపైన ఉన్నదానిలో దాదాపు ఒక శాతమే ఒంటబడుతుంది. అయితే తొలివెలుగు గారిలా నరాల లక్షణాలు కనిపించినవారు సొంత వైద్యం మాని వైద్యుల దగ్గరే చికిత్స తీసుకోవాలి. ఇనుము విషయం వేరు. ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోకుండా ఆ మాత్రలు వేసుకోవద్దు. టీ తిండిలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదు కాబట్టి, నా మట్టుకు భోజనం కాగానే టీ తాగే అలవాటు మానేయడమే బాగా పనిచేసింది.

గరికపూలు:
విటమిన్ డి3 కొనేవారు సీసా మీది వివరాలు చదవండి. అది ఎక్కువగా గొర్రె ఉన్ని నుంచి తీసినదే, అంటే వీగన్ కాదు. లైకెన్ల (రాళ్ల మీద, చెట్ల మీద నాచులా పెరిగేవి) నుంచి తీసినదీ దొరుకుతుంది. ఇంకొక మాట, గర్భిణులు, పాలిచ్చే తల్లులు బి12 విషయంలో ఒక్క నెల కూడా ఉపేక్షించకూడదు. తల్లిలో లోపం ఉంటే పాలలోనూ తక్కువే ఉంటుంది, పుట్టిన బిడ్డకు పెద్దల మాదిరి ఏళ్లకు సరిపడే నిల్వ ఉండదు.

తొలివెలుగు:
అందరికీ కృతజ్ఞతలు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చెప్పు పట్టీ ఒరుసుకోవడం మళ్లీ తెలుస్తోంది, చివరి రెండు వేళ్లకు మాత్రం ఇంకా స్పర్శ రాలేదు. మా చెల్లెలు కూడా వీగనే, ఆమెకు ఇప్పుడు ఐదో నెల. గరికపూలు గారు రాసింది చదివి వెంటనే ఫోన్ చేశాను. రేపు ఉదయమే ఇద్దరం పరీక్షకు వెళ్తున్నాం.