మొక్కల లేబుళ్లకు మార్కరా, పెయింట్ మార్కరా, పెన్సిలా?

కొత్త_తోట: 9 రకాల టమాటా నారు పోసి, ప్లాస్టిక్ లేబుళ్ల మీద పర్మనెంట్ మార్కర్‌తో పేర్లు రాసి గుచ్చాను. 3 నెలలకే అన్నీ తెల్ల ముక్కలయ్యాయి. ఏ కాయ ఏ రకమో తెలియనప్పుడు విత్తనం ఎలా దాచుకోను? వానకు కరిగిందంటారా? బయట నిలిచే పెన్ను ఏది?

పాతకుండీ: వాన కాదండీ, ఎండ. నేనూ వానే అనుకునేవాణ్ణి. ఒకసారి లేబుల్ పీకి చూస్తే మట్టిలో దిగబడిన చివరి రెండక్షరాలు నిన్న రాసినంత నల్లగా ఉన్నాయి, పైవి మాత్రం లేత మరకలా, అదీ వెలుతురుకి పక్కకు వంచితేనే కనిపించాయి. మామూలు పర్మనెంట్ మార్కర్లలో ఎక్కువగా ఉండేది డై, అంటే సిరాలో కరిగి ఉండే రంగు, అది నీళ్లకు కదలదు కానీ ఎండలోని యూవీ కిరణాలకు విరిగిపోతుంది. పెన్సిల్లో ఉండేది గ్రాఫైట్, అంటే కార్బన్, దాన్ని ఎండ ఏమీ చెయ్యలేదు. 2బి పెన్సిల్‌తో గరుకు వైపు గట్టిగా ఒత్తి రాయండి.

మిద్దె_పాదులు: పెన్సిల్ పోదు, ఒప్పుకుంటా. కానీ కనబడాలి కదా! పాదులోకి వంగి, ఆకులు తప్పించి, ఆ బూడిద రంగు గీతలు వెతుక్కోవడం నావల్ల కాదు. నల్ల పెయింట్ మార్కర్ కొనండి. అందులో ఉండేది పిగ్మెంట్, అంటే కరగని రంగు పొడి, డై కాదు.

పాతకుండీ: రంగు వెలవదు, నిజమే, పెచ్చుగా ఊడుతుంది. నున్నటి ప్లాస్టిక్ మీద రాసిన "మిరప"లో మొదటి అక్షరం నా గోటికే లేచి వచ్చేసింది.

మిద్దె_పాదులు: మీరు నేరుగా రాసేసి ఉంటారు. ముందు శాండ్ పేపర్‌తో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, రాశాక రోజంతా ఆరనివ్వండి. చేతి జిడ్డు ఉంటే ఏ పెన్నూ పట్టదు.

పండ్ల_చెట్లు: కుండీలకు ఏదైనా సరే, చెట్లకు మాత్రం పెన్నును నమ్మకండి. పల్చటి అల్యూమినియం రేకు కింద అట్ట పెట్టి బాల్ పెన్‌తో నొక్కి రాస్తే సిరా పోయినా గాడి ఉంటుంది. రేకును కొమ్మకు కట్టే తీగ వదులుగా చుట్టండి, బిగిస్తే కొమ్మ లావయ్యేకొద్దీ బెరడును కోసేస్తుంది.

కొత్త_తోట: అయితే ముందు వైపు పెయింట్, వెనక పెన్సిల్ రాస్తాను.

పాతకుండీ: రాయండి. రెండేళ్లయ్యాక తిప్పి వెనకవైపే చదువుతారు. ఈలోపు ఎండకు లేబులే పెళుసై విరుగుతుంది, అందుకే ఏ కుండీలో ఏముందో నోట్‌బుక్‌లో కూడా ఇవాళే రాసి పెట్టుకోండి.