హైస్కూల్లో మతం వచ్చే చరిత్ర పాఠాలు: వివరించి చెప్పాలా, చదివించి వదిలేయాలా?

సోషల్ టీచర్, నల్గొండ జిల్లా

సూటిగా అడుగుతున్నాను. హైస్కూల్ చరిత్రలో మతం ఊసు రాని పాఠాలు ఎన్ని ఉన్నాయి? బౌద్ధం, జైనం, భక్తి ఉద్యమం, ఢిల్లీ సుల్తానులు, విజయనగరం, గోల్కొండ, బ్రహ్మ సమాజం, దేశ విభజన, రజాకార్లు. ఇవన్నీ పక్కన పెడితే మిగిలేది తేదీల పట్టికే. అయినా ఈమధ్య మా దగ్గర టీచర్లు ఒకరికొకరు చెప్పుకునే సలహా ఒకటే: "అలాంటి పాఠాలు పిల్లల చేత పైకి చదివించెయ్యి. ప్రశ్నలకు జవాబులు రాయించెయ్యి. నువ్వు మాత్రం నోరు విప్పకు. ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెడితే నీ వెనక ఎవరూ నిలబడరు."

ఆ భయం ఉత్తిది కాదు. కానీ ఆ సలహా నేను ఒప్పుకోను. నాగార్జునకొండ సంగతే చూడండి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అదే లోయలో బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఆ స్తంభాల మీది ప్రాకృత శాసనంలో తన దానం గురించి చెప్పుకుంటూనే, యాగాలు చేసిన సోదరుడి గొప్పతనం కూడా చెక్కించింది. క్రీ.శ. 3వ శతాబ్దపు రాయి. ఇది బోర్డు మీద రాసి, "ఒకే ఇంట్లో ఇద్దరు రెండు దార్లలో ఎందుకు ఉన్నారు?" అని అడిగితే తొమ్మిదో తరగతి ఎలా కదులుతుందో చూడాలి. ఒకమ్మాయి "మా అమ్మ చర్చికి పోతది, మా నాయన అయ్యప్ప మాల వేస్తడు టీచర్, అట్లనేనా?" అంది. వెనక బెంచీ అబ్బాయి ఇంకో మాట పట్టుకున్నాడు: "వ్యాపారులంతా బౌద్ధులైతే వాళ్ళను మంచిగ చేసుకోవాలె గద, అందుకే రాజు కుటుంబం ఇచ్చిందేమో." పుస్తకంలో లేని జవాబు అది, కానీ చరిత్రకారులు అడిగే ప్రశ్న కూడా అదే. ఈ పాఠాన్ని "చదివించి వదిలేస్తే" ఆ పిల్లవాడికి ఆ ప్రశ్న పుట్టేది కాదు.

మీరేమంటారు? ముఖ్యంగా తల్లిదండ్రులు చెప్పండి.

ఇద్దరు పిల్లల తండ్రి, విజయవాడ

మేడమ్, మీలాంటి వాళ్ళు చెప్తే నాకు అభ్యంతరం లేదు. కానీ అందరూ మీలాగే ఉంటారని నమ్మకం ఏంటి? మా పెద్దోడి స్కూల్లో ఒక సార్ పాఠం మధ్యలో ఫలానా మతం వాళ్ళు మొదటి నుంచీ అంతే అన్నాడట. వాడు ఇంటికొచ్చి పక్కింటి పిల్లల గురించి అదే మాట అన్నాడు. వాళ్ళతో రోజూ క్రికెట్ ఆడేవాడు వీడు. ఆ రోజు నాకు కలిగిన బాధ చెప్పలేను. వెళ్ళి అడిగితే "పుస్తకంలో ఉన్నదే చెప్పాను" అన్నారు. పుస్తకంలో ఆ మాట లేదు, నేను చూశాను.

అందుకే నేనంటాను: రాజు పేరు, సంవత్సరం, పరిపాలన, కట్టడాలు చెప్పండి. మతం సంగతి ఇంట్లో మేం చూసుకుంటాం. పదో తరగతి పిల్లలకు ఉన్న టెన్షన్ చాలు. పబ్లిక్ పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న ఎలా వస్తుందో చెప్పండి, చాలు.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్, తెనాలి

ఈ చర్చలో చట్టం ఏమంటుందో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే సగం భయం చట్టం తెలియక వచ్చేదే. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న మిగతా సంస్థల్లో మత బోధన గానీ ప్రార్థన గానీ ఉంటే, అందులో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇక్కడ నిషేధించింది ఒక మతాన్ని నమ్మించడానికి చేసే బోధన. మతాల గురించి తెలియజెప్పడాన్ని కాదు.

1964-66లో విద్యా విధానంపై కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ ఈ తేడాను స్పష్టంగా గీసింది. ఒక మతాన్ని ఆచరించమని నేర్పడం వేరు, మతాల గురించి విశాల దృష్టితో చదవడం వేరు అంది. ఇన్ని మతాలున్న ప్రజాస్వామ్యంలో పిల్లలకు అన్నిటి గురించీ కొంత తెలియాలని, పౌరశాస్త్రంలోనో సాధారణ విద్యలోనో దాన్ని చేర్చాలని సూచించింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల అధ్యయనం 28వ అధికరణకు విరుద్ధం కాదని చెప్పింది. కాబట్టి శాంతిశ్రీ శాసనం గురించి క్లాసులో మాట్లాడిన టీచరు ఏ నియమాన్నీ దాటలేదు.

విజయవాడ మిత్రులకు ఒక మాట. మీ అబ్బాయి సార్ చేసింది చరిత్ర చెప్పడం కాదు, తన అభిప్రాయం రుద్దడం. దాన్ని ఆపాల్సిందే. కానీ మతాన్ని తీసేసి అశోకుణ్ణి ఎలా చెప్తారు? కళింగ యుద్ధం తర్వాత ధర్మం గురించి ఆయన వేయించిన శాసనాలు తీసేస్తే ఆ పాఠంలో ఏముంది?

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న గుంటూరు వాడు

ఇక్కడి సంగతి చెప్తాను, కొంచెం ఉపయోగపడొచ్చు. ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో మత విద్య 1944 చట్టం నుంచీ తప్పనిసరి. సిలబస్ ఎక్కువ చోట్ల స్థానికంగా తయారవుతుంది. దాన్ని చూసే మండలిలో చర్చిలవాళ్ళతో పాటు మిగతా మతాలవాళ్ళు, టీచర్లు, కౌన్సిల్ సభ్యులు ఉంటారు. ఇష్టం లేకపోతే తల్లిదండ్రులు పిల్లల్ని ఆ క్లాసు నుంచి తప్పించుకోవచ్చు. పదహారేళ్ళ పరీక్షకు ఈ సబ్జెక్టు తీసుకున్నవాళ్ళు, 2016లో వచ్చిన సిలబస్ ప్రకారం, కనీసం రెండు మతాలు చదవాలి.

మంచి ఏంటంటే మా అమ్మాయికి రంజాన్ ఎందుకో, సిక్కుల లంగర్ (గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం) ఏంటో నాకంటే బాగా తెలుసు. ఇబ్బంది కూడా చెప్తాను. పుస్తకంలో "హిందువులు ఇలా నమ్ముతారు" అని పాయింట్లు ఉంటాయి. మా ఇంట్లో అమ్మ గ్రామదేవతకు మొక్కుతుంది, నేను ఏడాదికోసారి తిరుపతి వస్తాను, నా భార్య సాయిబాబా భక్తురాలు. ఇదేదీ ఆ పాయింట్లలో పట్టలేదు. పైగా క్లాసులో టీచర్ మా అమ్మాయి వైపు తిరిగి "మీ మతంలో ఇంతేనా?" అని అడిగారట. పద్నాలుగేళ్ళ పిల్ల కోట్లమంది తరఫున ఏం జవాబు చెప్తుంది?

అందుకే వేరే సబ్జెక్టు అంటే నాకు భయం. చరిత్రలో భాగంగా, ఫలానా ఊళ్ళో ఫలానా కాలంలో మనుషులు ఏం చేశారో చెప్తేనే మతం ప్రాణంతో కనిపిస్తుంది.

డిగ్రీ విద్యార్థి, కర్నూలు

అందరూ మంచి మాటలే చెప్తున్నారు. అన్నాచెల్లెళ్ళు, లంగర్, అంతా బాగుంది. మరి విజయనగర రాజధాని హంపి? మా ఊరి నుంచి బస్సెక్కితే పొద్దున్నే దిగొచ్చు. తుంగభద్ర ఒడ్డున విరిగిపోయిన విగ్రహాల ముందు నిలబడితే కడుపు రగులుతుంది. గుళ్ళు ఎవరు కూల్చారో మాకు బళ్ళో ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు. "పతనమైంది" అని ఒక్క ముక్క రాసి దాటేశారు. తర్వాత యూట్యూబ్‌లో చూస్తే, ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశారనిపించింది. నొప్పి కలిగించేవి దాచిపెట్టి సామరస్యం అంటే ఎవరు నమ్ముతారు? 2023లో కేంద్ర పుస్తకాల్లో పన్నెండో తరగతి మొఘల్ దర్బార్ల పాఠం తీసేస్తే గొడవ చేసినవాళ్ళు, మాకు దాచినవాటి గురించి ఎందుకు మాట్లాడరు?

సోషల్ టీచర్, నల్గొండ జిల్లా

తమ్ముడూ, నీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైంది. దాచకూడదు. మొఘలుల పాఠం తీసేయడం తప్పే, హంపిని ఒక్క ముక్కలో దాటేయడమూ తప్పే. రెండిటికీ కారణం ఒకటే, పిల్లలు తట్టుకోలేరనో, మనకు తలనొప్పి అనో పెద్దలు అనుకోవడం.

హంపి ధ్వంసానికి దారితీసిన తళ్ళికోట యుద్ధం నేను ఎలా చెప్తానో రాస్తాను, నువ్వే చూడు. 1565 జనవరి. ఒకవైపు విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు, మరోవైపు దక్కన్ సుల్తానుల కూటమి. రామరాయల తల నరికారు. తర్వాత రాజధానిని దోచుకుని ధ్వంసం చేశారు, గుళ్ళతో సహా. ఈ మాటను మెత్తబరచను. పిల్లలకు హంపి ఫొటోలు చూపిస్తాను. ఆ తర్వాత ఇంకో వాస్తవం చెప్తాను. ఆ కూటమిలో ఉన్న గోల్కొండ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా యువకుడిగా ప్రాణభయంతో పారిపోయి తలదాచుకున్నది ఎక్కడో కాదు, విజయనగరంలో, ఇదే రామరాయల నీడలో. సుమారు ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఈయనకే. తెలుగు కవులు "మల్కిభరాముడు" అని పిలుచుకున్నదీ ఈయన్నే. రామరాయలు కూడా ఒక సుల్తానుతో చేతులు కలిపి ఇంకో సుల్తాను మీదికి సైన్యం నడిపినవాడు. రామరాయల సైన్యంలో ముస్లిం సర్దార్లు ఉన్నారు.

ఇప్పుడు పిల్లల్ని అడుగుతాను: ఇది మత యుద్ధమా, రాజ్యాల యుద్ధమా, రెండూనా? ఏ వాస్తవం చూసి అలా అంటున్నారు? గుడి కూలిందన్న నిజం ఈ ప్రశ్నతో చిన్నదైపోదు. కానీ దాన్ని చూపించి పక్క బెంచీ పిల్లవాణ్ణి నిలదీసే వీలు పోతుంది. నీకు కడుపు రగిలిందంటే అర్థం చేసుకుంటాను. ఆ రగులుతున్న పిల్లలకు యూట్యూబ్ కంటే ముందు క్లాసులో పూర్తి సంగతి దొరకాలన్నదే నా పట్టుదల.

లెక్చరర్, హైదరాబాద్ పాతబస్తీ

మేడమ్ చెప్పిన పక్క బెంచీ పిల్లల గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేను ఆ పిల్లవాణ్ణే. సెప్టెంబర్ 17, అంటే 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు గురించిన పాఠం వచ్చినప్పుడు మా క్లాసులో ముస్లిం పిల్లలం తల దించుకుని కూర్చునేవాళ్ళం. రజాకార్లు, అంటే నిజాం పక్షాన పనిచేసిన సాయుధ దళం, అనగానే అందరి చూపూ మా మీదే. రజాకార్ల దురాగతాలు చెప్పొద్దని నేను ఎప్పటికీ అనను. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊరివాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. అది ప్రతి పిల్లవాడికీ తెలియాలి.

అదే ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో రజాకార్లు షోయబుల్లా ఖాన్‌ను చంపారని మాత్రం నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు. సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు చంపారు. ఆయన పేరు ఆ రోజు క్లాసులో వినిపించి ఉంటే నేను తల ఎత్తుకుని కూర్చునేవాణ్ణి.

ఇంకొకటి. పోలీసు చర్య (ఆ సెప్టెంబర్‌లో భారత సైన్యం సంస్థానంలోకి రావడం) తర్వాత ముస్లింలపై జరిగిన హింసపై నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని, అదీ తక్కువలో తక్కువ అంచనాగా, ఆ కమిటీ చెప్పింది. దశాబ్దాల పాటు ఆ నివేదిక బయటికి రాలేదు. అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతన్నలు తోటి ముస్లిం నేతన్నలను దాడుల నుంచి కాపాడారు, ఆ క్రమంలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అని పెద్దవాళ్ళు ఎంతైనా కొట్లాడుకోండి. పదో తరగతి పిల్లలకు ఈ మూడు సంగతులూ ఒకే పీరియడ్‌లో వినిపించాలి. ఒకటి చెప్పి రెండు దాస్తే ఏదో ఒక బెంచీ తల దించుకుంటుంది.

డిగ్రీ విద్యార్థి, కర్నూలు

షోయబుల్లా ఖాన్ గురించి నాకూ ఇప్పుడే తెలిసింది సార్. ఇబ్రహీం విజయనగరంలో ఉన్న సంగతి కూడా. నా కోపం పోలేదు, కానీ ఇది ఎవరి మీద కోపం అని ఆలోచించుకోవాలి. పుస్తకం రాసినవాళ్ళ మీద మాత్రం గట్టిగానే ఉంది.

ఇద్దరు పిల్లల తండ్రి, విజయవాడ

అన్నీ చదివాను. మతం లేకుండా చరిత్ర చెప్పలేరన్నది ఒప్పుకుంటున్నాను. నా భయం మాత్రం అలాగే ఉంది. పాఠం మంచిదే కావచ్చు, చెప్పే మనిషి మీద నిఘా ఏది? పైన లెక్చరర్ గారు చెప్పిన మూడు సంగతుల్లో తనకు నచ్చిన ఒక్కటే చెప్పే సార్ దొరికితే? నలభై అయిదు నిమిషాల్లో, అరవై మంది పిల్లల మధ్య, సిలబస్ వెనకబడి ఉండగా, మీరు చెప్పినంత ఓపికగా ఎంతమంది చెప్తారు? పరీక్షలో అడగనిదాన్ని ఎవరూ చెప్పరు మేడమ్, మీకూ తెలుసు.

సోషల్ టీచర్, నల్గొండ జిల్లా

సార్, మీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మార్పు మొదలవ్వాల్సింది ప్రశ్నపత్రంలోనే. "విజయనగర పతనానికి కారణాలు రాయండి" అని అడిగినంత కాలం పిల్లలు గైడు బట్టీపడతారు, సార్లు గైడే చెప్తారు. దాని బదులు ఒక శాసనం నాలుగు లైన్లు ఇచ్చి, "ఇది రాయించిన వ్యక్తి ఏం చెప్పదలచుకున్నారు? ఏం చెప్పకుండా వదిలేశారు?" అని అడిగితే క్లాసులో ఆ పని చేయించక తప్పదు. అలా అడిగినచోట టీచరు సొంత అభిప్రాయానికి చోటు తక్కువ, ఎందుకంటే పిల్లవాడి చేతిలో ఆధారం ఉంటుంది.

నిఘా గురించి. మా బళ్ళో ఈసారి ఒకటి మొదలుపెడుతున్నాం. ఇలాంటి పాఠానికి ముందు క్లాసులో చూపించబోయే కాగితాన్ని, అడగబోయే ప్రశ్నల్ని తల్లిదండ్రుల గ్రూపులో పెడతాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు పాఠం అయ్యాక కాదు, ముందే వచ్చి మాట్లాడొచ్చు. క్లాసులో ఏ పిల్లవాణ్ణీ "మీ మతంలో ఏమంటారు" అని అడగకూడదని స్టాఫ్‌లో అనుకున్నాం. బర్మింగ్‌హామ్ అన్న చెప్పింది చదివాక అది కాగితం మీద రాసి స్టాఫ్‌రూమ్‌లో అంటించాలనిపించింది. టైమ్ చాలదన్నది నిజం. అందుకే అన్ని పాఠాలకూ కాదు, ఏడాదికి రెండు మూడింటికే ఇంత లోతుగా వెళ్తాం.

లెక్చరర్ గారూ, షోయబుల్లా ఖాన్ మీద ఒక పేజీ, పదో తరగతి పిల్లలు చదవగలిగే తెలుగులో రాసిస్తారా? బైరాన్‌పల్లి పేజీ నేను రాస్తాను. రెండూ కలిపి ఒకే షీటు చేద్దాం.

లెక్చరర్, హైదరాబాద్ పాతబస్తీ

తప్పకుండా మేడమ్. నేతన్నల సంగతి కూడా చేరుస్తాను. ఆదివారంలోపు పంపిస్తాను.

ఇద్దరు పిల్లల తండ్రి, విజయవాడ

ఆ షీటు ఇక్కడ కూడా పెట్టండి. మా పెద్దోడి స్కూలుకు తీసుకెళ్ళి ఆ సార్‌కే ఇస్తాను.